తుడిచేసిన గీతలు

నేను రాసుకుపోయిన కాగితం మీద ఎర్ర పెన్సిలుతో తొమ్మిది సున్నాలు చుట్టిన సారును నేను ఇంతవరకు క్షమించలేదు. క్షమించే గుణం నాకు తక్కువని మా ఇంట్లో అందరూ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఆ తొమ్మిదింటిలో ఏ సున్నా గుండ్రంగా కుదిరిందో, ఏది కోడిగుడ్డులా సాగిందో ఇప్పటికీ చెప్పగలను.

వికారాబాదులో అనంతగిరి గుట్టకు పోయే తోవలో ఒక చదువుకునే గది ఉంది. ఊళ్ళో కొందరు పెద్దమనుషులు కలిసి పెట్టుకున్నది. పుస్తకాలు సర్ది, పేపర్లు వరుసలో పెట్టి, వచ్చినవాళ్ళతో రిజిస్టరులో సంతకం పెట్టించే మనిషి కావాలన్నారు. చదువు పదో తరగతి చాలు. కానీ ఒక షరతు పెట్టారు. ఇన్నాళ్ళు ఏం పని చేశారు, దాన్ని వదిలి ఈ పనికి ఎందుకు రావాలనుకుంటున్నారు, ఒక పేజీ సొంత చేతితో రాసుకుని రావాలి. రాసింది చూసే బాధ్యత రిటైరైన ఒక తెలుగు సారుకు అప్పగించారు.

నేను ఇరవై నాలుగేళ్ళు తాండూరులో బండల పాలిష్ షెడ్డులో మిషన్ నడిపినవాణ్ణి. గని నుంచి వచ్చిన బండ గరుకుగా ఉంటుంది. దాన్ని మిషన్ కింద పెట్టి, నీళ్ళు పోస్తూ, ముందు గరుకు రాయితో, తరువాత సన్నరాయితో అరగదీస్తే ముఖం కనిపించేంత నున్నగా అవుతుంది. నీళ్ళు ఎంత పోసినా పొడి లేస్తుంది. పోయిన చలికాలంలో నా దగ్గు తగ్గకపోతే డాక్టరు ఛాతీకి ఫొటో తీయించి, వెలుతురుకు ఎత్తి చూసి, మందులకంటే ముందు ఆ పొడి మానుకోమన్నాడు. మానుకుని ఏం చేయాలో ఆయన చెప్పలేదు. అది ఆయన పని కాదు, నాకు తెలుసు. అయినా చెప్పి ఉంటే బాగుండేది.

కాబట్టి ఆ చదువుకునే గది నాకు దొరకాలి. దొరకకపోతే మళ్ళీ షెడ్డుకే పోవాలి. నలభై ఆరేళ్ళ మనిషికి, చేతికి బండ తప్ప ఏదీ అలవాటు లేనివాడికి, తాండూరులో ఇంకో తోవ నాకు కనిపించలేదు.

రాయడమంటే నాకు భయం లేదు. బస్టాండులో నల్లాకు నీళ్ళు రాకపోయినా, మా వాడకట్టులో మురికి మోరీ తీయకపోయినా అర్జీ రాసేది నేనే. పేపరులో పాఠకుల ఉత్తరాలలో నావి మూడు వచ్చాయి. అందులో ఒకదాని కింద తాండూరుకు బదులు వేరే ఊరి పేరు వేశారు. దాని మీద కూడా ఉత్తరం రాశాను. అది వేయలేదు.

అందుకని ఆ పేజీ ఒక్క కూర్చుంటలో రాశాను. కొట్టివేతలు లేకుండా, మార్జిను వదిలి, అక్షరం మీద అక్షరం పేర్చినట్టు రాసి, పొద్దున ప్యాసింజరు బండిలో వికారాబాదు పోయి ఇచ్చాను.

సారు పేజీ మొత్తం ఒకసారి చదివాడు. తరువాత జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. నేను చూస్తుండగానే, నా కళ్ళ ముందే, ఒక్కొక్క సున్నా చుట్టుకుంటూ పోయాడు. పక్కన ఇద్దరు వృద్ధులు పేపరు చదువుతున్నారు. వాళ్ళు పేపరు దించి చూశారు.

"మీ చేతిరాత ముచ్చటగున్నది," అన్నాడు సారు. "కానీ ఒక్కటే మాట తొమ్మిదిసార్లొచ్చింది. నాలుగోసారికే చదివేటోని మనసు పక్కకు పోతది."

ఆ తొమ్మిదిసార్లు వచ్చిన మాట 'అవమానం'. యజమాని నన్ను అవమానించాడు, మేనేజరు అవమానించాడు, ఫలానా రోజు అవమానం జరిగింది, ఇన్ని అవమానాలు పడలేక ఆ పని విడిచి గౌరవమైన పనికి రావాలనుకుంటున్నాను, అని రాశాను. దగ్గు సంగతి రాయలేదు. దగ్గేవాణ్ణి పుస్తకాల దగ్గర ఎవరు కూర్చోబెట్టుకుంటారు?

సోమవారం దాకా గడువు ఉందని, ఇంకో ఇద్దరు కూడా కాగితాలు ఇచ్చారని, తిరగరాసుకుని రమ్మని చెప్పాడు. నేను సోమవారం దాకా ఆగే మనిషిని కాదు. స్టేషను దగ్గర హోటల్లో కూర్చుని, ఒక చాయ్ చెప్పి, గంటలో తిరగరాశాను. ఇన్నేళ్ళు పేపరు చదివినదంతా ఆ గంటలో పనికి వచ్చింది. ఒకచోట పరాభవం అన్నాను, ఒకచోట చిన్నచూపు, ఒకచోట తలవంపులు. కించపరిచారు అన్నాను, హేళన అన్నాను, మనసు నొప్పించారు అన్నాను. తొమ్మిదింటికి తొమ్మిది వేరు మాటలు దొరికాయి. నాకే ముచ్చటేసింది. తిరిగి పోయి ఇచ్చాను.

ఈసారి సారు పెన్సిలు తీయలేదు. నవ్వాడు. పెన్సిలుకంటే అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"అంగీలు మార్చిండ్రు. లోపలి మనిషి గా మనిషే," అన్నాడు. "ఇర్వై నాలుగేండ్లల్ల ఏం జరిగిందో నాకింకా తెల్వలే. గా మాట జోలికి పోకుండ, ఏమైందో రాయుండ్రి. ఎవరు ఏమన్నరు, మీరేం జేసిండ్రు. అప్పుడు ఇంకో మాట వెతుక్కునే పనే పడది."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. నమస్కారం కూడా పెట్టలేదు. బండిలో కిటికీ పక్కన కూర్చుని, ధారూరు దాటేదాకా ఆ సారు మీద రాయాల్సిన అర్జీ మనసులో రాసుకున్నాను. ఎవరికి పంపాలో మాత్రం తోచలేదు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు కాగితం ముట్టలేదు. మూడో రోజు దగ్గు వచ్చి, చాలాసేపు ఆగక, గోడ పట్టుకుని నిలబడ్డాను. మా ఇంటామె చెంబుతో నీళ్ళు తెచ్చి, కాగితాలు, పెన్ను కూడా తెచ్చి పక్కన పెట్టి పోయింది.

తొమ్మిదింటిలో మొదటిది తీసుకున్నాను. షెడ్డులో కొత్త మిషన్‌కు కొబ్బరికాయ కొట్టిన రోజు అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. నన్ను మాత్రం పక్కకు జరిగి నీళ్ళ పైపు పట్టుకోమన్నారు. ఫొటోలో నా చెయ్యి, పైపు వచ్చాయి. నేను రాలేదు. ఆ ఫొటో ఆఫీసు గదిలో ఇప్పటికీ ఉంది. ఏమైందో రాయమన్నాడు కదా అని రాస్తూ పోయాను. మిషన్ నడుస్తున్నది, నీళ్ళు ఆగితే బండ కాలిపోతుంది, పైపు పట్టడం తెలిసినవాణ్ణి ఆ వరుసలో నేనొక్కణ్ణే. రాసి చదువుకుంటే ఫొటో తీసినవాడి తప్పు పెద్దగా కనిపించలేదు. నాకు కోపం వచ్చింది. తప్పు కనిపించనందుకు వచ్చింది.

రెండోది జ్వరం వచ్చిన వారం. పడి లేచి పోయేసరికి నా మిషన్ ఇంకొకరికి ఇచ్చి, నన్ను బండలు కడిగే చోట నిలబెట్టారు. నాలుగు నెలలు అక్కడే. ఒక్క మాట చెప్పలేదు, అడిగితే వినలేదు. ఇది రాసినా తగ్గలేదు. ఇంకా పెరిగింది. దాన్ని అలాగే ఉంచాను. ఎంత విడమరిచి రాసినా చిన్నవి కానివి కూడా కొన్ని ఉంటాయి, సారుకు ఈ సంగతి తెలియాలి.

ఇట్లా ఒకటొకటి రాసుకుంటూ వచ్చాను. కొన్ని రెండు లైన్లకు కుదించుకుపోయాయి. ఒకటి ఎవరన్నారో, ఏమన్నారో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. బాధపడ్డానన్న సంగతే మిగిలింది. దాన్ని కొట్టేశాను. శనివారం పొద్దుటికి చివరిదాని దగ్గరకు వచ్చాను. మొదటి కాగితంలో దానికి ఒకే వాక్యం ఖర్చు పెట్టాను. మా బావ ఎదుట ఉస్తాద్ నన్ను అవమానించాడు.

అక్కడ పెన్ను ఆగింది.

షెడ్డులో పని నేర్పే పెద్దను ఉస్తాద్ అంటారు. మా ఉస్తాద్ తాండూరులోనే పుట్టి పెరిగిన ముస్లిం పెద్దమనిషి. ఇరవై రెండేళ్ళ వయసులో నన్ను షెడ్డులోకి తీసుకున్నది ఆయనే. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇటుక ముక్క ఉండేది. పాలిష్ అయిన బండలు గోడకు ఆనించి పెడితే, పొద్దున రాగానే ఒక్కొక్క బండ మీద తడి అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, మెల్లగా నిమిరేవాడు. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడ ఇటుక ముక్కతో ఒక గీత గీసేవాడు. గీత పడ్డ బండ మళ్ళీ మిషన్ ఎక్కాలి. లోపల కంటికి కనిపించని పగులు ఉందనిపిస్తే రెండు గీతలు అడ్డంగా కొట్టేవాడు. ఆ బండ నేల మీదికి పోకూడదు, చిన్న ముక్కలు కోసుకోవాలి. షెడ్డులో ఆ గీతలకు ఎవరూ నొచ్చుకునేవారు కాదు. నీళ్ళు పోసి మళ్ళీ ఎక్కించుకునేవారు. నేనూ పదహారేళ్ళు అలాగే చేశాను.

మా అక్కను బషీరాబాదు దగ్గర, కర్ణాటక సరిహద్దు ఊరికి ఇచ్చాం. బావ కొత్త ఇల్లు కట్టుకుంటూ, బండలు నా చేత్తో చేయించుకుంటానన్నాడు. నాకు గొప్పగా అనిపించింది. సెలవు రోజున కూడా పోయి చేశాను. బండలు చూసుకోవడానికి బావ వచ్చిన పొద్దున, మామూలుగానే ఉస్తాద్ చెయ్యి తడుపుకుని వచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండు బండల మీద ఒక్కో గీత గీశాడు. మూడో దాని మీద అడ్డగీతలు కొట్టాడు.

"ఇవి జర మళ్ళ ఎక్కియ్యి బేటా. గీ మూడోది మాత్రం పంపకు," అన్నాడు.

బావ నవ్వాడు. "ఏం బామ్మర్దీ, ఇంక నీకు గీతలు గీసే ఉస్తాద్ కావాల్నా?"

ఉస్తాద్ అప్పటికే పక్క బండ దగ్గరకు పోయాడు. అందరికీ గీసినట్టే నాకూ గీశాడు. కానీ ఆ రోజు నేను అందరిలో ఒకణ్ణి కాదు, బావ ముందు నిలబడ్డ బామ్మర్దిని. ఆ సాయంత్రం బండలు లారీకి ఎక్కించేముందు, తడి గుడ్డతో ఆ గీతలు తుడిచేశాను. మూడు బండలవీ తుడిచాను. మళ్ళీ మిషన్ ఎక్కించలేదు. ఎక్కించకుండానే పంపాను. ఆ వారం దాకా ఇది ఏ కాగితంలోనూ రాయలేదు, మా ఇంటామెకు కూడా చెప్పలేదు.

అడ్డగీతలు పడ్డ బండ బావ ఇంటి ముందు గడప దగ్గర పరిచారు. మొదటి వర్షాకాలం దాటకముందే అది అడ్డంగా పగిలింది. అక్క కాలి బొటనవేలు దాంట్లో తట్టుకుని గోరు లేచిపోయింది. ఆ బండ తన మీద పగ పట్టిందని అక్క నవ్వుతూ చెబుతుండేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఉస్తాద్‌తో మాట్లాడడం ఆ రోజే మానేశాను. ఒకే షెడ్డులో, పది అడుగుల దూరంలో, ఆరేళ్ళు. ఏదైనా చెప్పాల్సి వస్తే పక్కవాడి చేత చెప్పించేవాణ్ణి. ఆయన మొదట రెండు మూడుసార్లు పలకరించాడు. తరువాత ఊరుకున్నాడు. ఇంకో సంగతి జరిగింది. ఆ తరువాత ఆయన నా బండల మీద ఒక్క గీత కూడా గీయలేదు. చెయ్యి వేసి నిమిరేవాడు, కళ్ళు తెరిచేవాడు, ముందుకు పోయేవాడు. నా పని అంత నున్నగా తేలిందని నేను అనుకున్నాను. అట్లా అని అందరితోనూ చెప్పాను. ఒకసారి మాత్రం తిండి వేళలో టిఫిన్ మరిచిపోయి లోపలికి పోతే, ఉస్తాద్ ఒక్కడే నా బండను మిషన్ మీదకు ఎక్కించి రుద్దుతున్నాడు. నన్ను చూడలేదు. నేను చప్పుడు చేయకుండా బయటికి వచ్చేశాను. ఆ రోజు అన్నం సయించలేదు. అది కూడా ఆయన తప్పు కిందనే రాసుకున్నాను.

రెండేళ్ళ కింద ఆయన దగ్గుతో మంచం పట్టాడు. షెడ్డువాళ్ళు అందరూ పోయి చూసి వచ్చారు. నేను పోలేదు. మా ఇంటామె మాత్రం నాకు చెప్పకుండా దానిమ్మకాయలు పట్టుకుని పోయి వచ్చింది. ఆయన ఒక్కటే అడిగాడట. నా దగ్గు ఎట్లా ఉందని. అప్పటికి నా దగ్గు సంగతి ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పది అడుగుల దూరం నుంచి విన్నాడు. అది నన్ను ఎత్తిపొడవడానికే అడిగాడని నేను మా ఇంటామెతో వాదించాను. ఆమె నా ముఖం చూసి, వంటింట్లోకి పోయింది.

ఆయన్ను మట్టి చేసిన రోజు పోయాను. అందరికంటే వెనక నిలబడ్డాను. పిడికెడు మన్ను వేసే వంతు నా దాకా రాకముందే వచ్చేశాను.

శనివారం ఆ వాక్యం దగ్గర కూర్చుని ఇదంతా తలచుకున్నాక, ఆయన ఏం చేశాడని రాయాలో నాకు తెలియలేదు. ఆయన చేసినదంతా అరచెయ్యి వేయడం, గీత గీయడం. రాయాల్సిందంతా నేను చేసింది. అసలు ఆయన గీసినచోట గరుకు ఉందో లేదో కూడా నేను చూడలేదని అప్పుడు తట్టింది. చూడకుండానే తుడిచాను. మూడోది పగిలింది సరే, మిగిలిన రెండింటి మీద ఆయన చెయ్యే తప్పి ఉంటే? ఆ ఆశతోనే, ఆదివారం పొద్దున షేర్ ఆటో ఎక్కి అక్క ఊరికి పోయాను. నా పక్క నిజం ఒక్క ముక్క దొరికినా పేజీలో పెట్టుకుందామనుకున్నాను.

అక్క పక్కింటామెతో కన్నడంలో ఏదో మాట్లాడుతూ కందులు చెరుగుతున్నది. నన్ను చూసి, "ఏంది తమ్మీ, చెప్పకుండ వచ్చినవు," అని చేట పక్కన పెట్టింది. నేను చెంబుతో నీళ్ళు అడిగాను. తాగడానికి అనుకుని ఇచ్చింది. నేను అరచెయ్యి తడుపుకుని నడిమింట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఎనిమిదేళ్ళు కాళ్ళు తొక్కిన నేల. అయినా రెండు చోట్ల, కిటికీ కింద ఒకటి, బియ్యం డబ్బా పక్కన ఒకటి, చేతికి తెలిసింది. అంత పెద్ద గరుకు కాదు. చెయ్యి తెలిసినవాడికే తెలిసే గరుకు. ఉస్తాద్ నేర్పిన చెయ్యి కాబట్టి నాకు తెలిసింది.

కళ్ళు తెరిస్తే బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"దొరికినయా?" అన్నాడు.

ఆయన వచ్చి కింద కూర్చున్నాడు.

"ఉస్తాద్ గీతలు గీయంగ నేను జూడలేదా? లారీ దింపంగ గీతలు లేవు. నేనేమన్న గుడ్డోన్నా బామ్మర్దీ?"

ఎనిమిదేళ్ళుగా ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితె నువ్వు మా ఇంటికొచ్చుడు బంద్ జేస్తవు. మీ అక్క ఏడుస్తది. గదంత నాకెందుకు?"

అప్పుడు ఇంకో సంగతి చెప్పాడు. గడప దగ్గర బండ పగిలిన నెలలోనే ఉస్తాద్ బస్సెక్కి ఆ ఊరికి వచ్చాడట. ఎవరి ద్వారా విన్నాడో. పగిలిన బండ మీద చెయ్యి వేసి చూసి, తప్పు తనదేనని, తాను సరిగా చూసుకోలేదని బావతో అన్నాడట. ఇంకో నెలకు, తన చేత్తో పాలిష్ చేసిన బండ ఒకటి ఆటోలో వేసుకుని తెచ్చాడట. బావకు మేస్త్రీ దొరకలేదు, తరువాత పొలం పనులు వచ్చాయి, బండ ఇంటి వెనక దింపినచోటే ఉండిపోయింది.

"నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు," అన్నాడు బావ. "వాడు మనసుల పెట్టుకుంటడు, వానితోని జర పైలంగ ఉండాలె అన్నడు."

వెనక్కి పోయి చూశాను. బండను నేల మీద పడుకోబెట్టి, దాని మీద అక్క మిరపకాయలు ఎండబోసింది. నాలుగు పక్కకు జరిపి చెయ్యి పెట్టాను. ఎండకు కాలుతున్నది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా నిమిరాను. ఎక్కడా ఏమీ తగలలేదు. దగ్గుకుంటూ, ఆ వయసులో, తిండి మానుకుని ఎన్ని మధ్యాహ్నాలు రుద్ది ఉంటాడో లెక్క నాకు తెలుసు. ఆ మధ్యాహ్నాలలో నేను బయట చెట్టు నీడన కూర్చుని ఆయన మీద కోపంతో అన్నం తిన్నాను.

మొదట నాకు వచ్చింది కోపమే. అందరూ కలిసి నన్ను పసివాణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నారని. బావ, అక్క, ఉస్తాద్, మా ఇంటామె, బహుశా షెడ్డులో అందరూ. వీడితో జాగ్రత్త అనుకుని, నేను నొచ్చుకునేవన్నీ నా ముందు నుంచి తీసేసి పెట్టుకున్నారు. ఇంతకంటే పెద్ద అవమానం ఉంటుందా అనుకున్నాను. ఆ మాట మనసులోకి రాగానే ఎర్ర పెన్సిలు సున్నా కూడా దాని చుట్టూ వచ్చింది. ఏమైందో రాయుండ్రి అన్నాడు సారు. ఏమైందంటే, నాకు తప్పు చూపించే మనిషి ఒక్కడు ఉండేవాడు. నేను ఆయన చేత ఆ పని మాన్పించాను.

ఆ బండ గడప దగ్గర నేనే వేయిస్తాను, మేస్త్రీని తెస్తాను అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఇప్పుడెందుకు తమ్మీ. గా పగులు నా కాలికి అలవాటైపోయింది. ఈ బండ దీస్తె నా మిరపకాయలు యాడ బోసుకోవాలె?"

ఇంకోసారి అడిగాను. అక్క మిరపకాయలను మళ్ళీ బండ మీద సర్దుకుంది. ఆ బండ ఇప్పటికీ అక్కడే ఉంది.

సోమవారం పొద్దున బండిలోనే చివరి భాగం రాశాను. బండి కుదుపుకు అక్షరాలు వంకర పోయాయి. తిరగరాయలేదు. నేను పాలిష్ షెడ్డులో ఇరవై నాలుగేళ్ళు చేశానని, నాకు పని నేర్పిన మనిషి నా బండల మీద గీసిన గీతలను తుడిచి పంపానని, ఆ బండ పగిలి మా అక్క కాలికి దెబ్బ తగిలిందని, ఆయనతో ఆరేళ్ళు మాట్లాడలేదని, ఆయన పోయాడని రాశాను. ఆయనకు వచ్చిన దగ్గే నాకూ వచ్చిందని, డాక్టరు పొడి మానుకోమన్నాడని, అందుకే ఈ పని అడుగుతున్నానని రాశాను. దగ్గు సంగతి రాస్తే పని పోతుందని తెలుసు. కానీ అది లేకుండా రాస్తే మళ్ళీ గీత తుడిచినట్టే ఉంది. పెన్ను ఒప్పుకోలేదు. జ్వరం వారం సంగతి కూడా ఉంచాను. దాన్ని నేను వదలను. పేజీ ఒకటి అన్నారు, ఒకటిన్నర అయింది.

సారు ఆ రోజు ఒక్కడే ఉన్నాడు. నేను బల్లకు ఇవతల నిలబడ్డాను, కూర్చోమన్నా కూర్చోలేదు. కళ్ళద్దాలు సర్దుకుని మొదటి నుంచి చదివాడు. ఎర్ర పెన్సిలు బల్ల మీద, ఆయన చేతికి దగ్గరగానే ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. ఒకచోట ఆగాడు, వెనక్కి పోయి మళ్ళీ చదివాడు. పెన్సిలు తీస్తాడనుకున్నాను. తీయలేదు. చివరి దాకా చదివి, కాగితాలు రెండూ సరిచేసి, ఫైలులో పెట్టాడు.

"రేపటి నుంచి రండ్రి," అన్నాడు. "కిటికీ పక్కకు కూసోండ్రి. గాలొస్తది."

తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవన్నాడు. ఎక్కడైనా ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చిందా అని అడిగాను. వస్తే వచ్చింది, బాగుంది, ఇంక పొమ్మన్నాడు.

నేను వెంటనే పోలేదు. ఆ ఒకటిన్నర పేజీలో ఎక్కడో ఒకచోట గరుకు ఉండకుండా ఉండదు. నా చేత్తో చేసింది, నాకు తెలుసు. అది ఆయన చేతికి తగిలిందేమో, నేను నొచ్చుకుంటానని వదిలేశాడేమో. బల్ల మీద ఆ పెన్సిలు అట్లాగే పడి ఉంది. ఒక్క గీత గీసి ఇవ్వమని అడగాలనిపించింది. అడగలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.